నక్షా ఆపా

మా మెకానిక్కుల వాట్సాప్ గ్రూపులో వరంగల్ నుంచి ఒకతను పొద్దున్నే ఒక పాత ఆంప్లిఫయర్ ఫోటో పెట్టి, దాని సర్వీస్ మాన్యువల్ ఎవరి దగ్గరైనా ఉంటే పంపమని అడిగాడు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. ఎవరూ జవాబు ఇవ్వలేదు. అలాంటి ప్రశ్నలకు జవాబిచ్చే మనిషి మాకు ఒక్కతే. ఆమె ఫైలు పంపాక మిగతా వాళ్ళం కింద దండాల బొమ్మలు పెట్టేవాళ్ళం, అంతే. రాంగోపాల్‌పేట్‌లోని నా షాపులో టేప్ డెక్ ఒకటి విప్పుకుని కూర్చున్నవాణ్ణి, మనసు ఒప్పక స్క్రూడ్రైవర్ పక్కన పడేసి బండి తీశాను.

రెజిమెంటల్ బజార్‌లో వాళ్ళ గల్లీ మలుపు తిరగగానే చెప్పులు కనిపించాయి. మెట్ల కింద, మెట్ల మీద, పక్కింటి గడప ముందు కూడా చెప్పులే. సగం మంది మా లైన్ వాళ్ళే. సౌండ్ సర్వీసులు నడిపేవాళ్ళు, రేడియో రిపేర్ల ముసలివాళ్ళు, కార్ స్టీరియోలు బిగించే కుర్రాళ్ళు. ఆమె చెల్లెలు నన్ను చూసి, "తెల్లారగట్ల ఫజర్ నమాజుకు లేవలేదు తమ్మీ. పడుకున్నట్టే ఉన్నది," అన్నది.

ఆమె అసలు పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. రాసినా మా లైన్‌లో ఎవరూ గుర్తుపట్టరు. మాకు ఆమె నక్షా ఆపా. ఆపా అంటే అక్క. ఒక యంత్రం లోపల ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో, ఏ భాగం విలువ ఎంతో చూపించే సర్క్యూట్ బొమ్మను పాత మెకానిక్కులు నక్షా అనేవాళ్ళు. అవి దొరికే చోటు కాబట్టి ఆమెకా పేరు వచ్చింది. ఏదో సర్కారు ఫ్యాక్టరీ డ్రాయింగ్ సెక్షన్‌లో బొమ్మలు గీసి రిటైరైందని విన్నాను. అంతకు మించి ఆమె తన గురించి చెప్పేది కాదు, మేమూ అడగలేదు.

నేను మొదటిసారి ఆ మెట్లెక్కింది షాపు పెట్టిన కొత్తలో. ఒక స్టీరియో ఆంప్లిఫయర్ నన్ను బాగా ఏడిపిస్తున్నది. ట్రాన్సిస్టర్లు మార్చినప్పుడల్లా మళ్ళీ కాలిపోతున్నాయి. ఎవరో ఆమె అడ్రసు చెప్పారు. పైకి వెళ్ళి తలుపు దగ్గర నిలబడితే, తలమీద దుపట్టా, దాని కింద ముడిలో గుచ్చుకున్న పెన్సిలుతో ఒక పెద్దావిడ ఇస్త్రీ చేస్తున్నది. బట్టలనుకున్నాను. దగ్గరికి వెళ్తే కాగితం. పాత మాన్యువల్‌లో మడతలు పడ్డ పెద్ద బొమ్మ మీద పలచటి గుడ్డ పరచి, గోరువెచ్చటి ఇస్త్రీపెట్టెతో మడతలు తీస్తున్నది.

"ఏం సెట్టు?" అన్నది తల ఎత్తకుండానే.

కంపెనీ పేరు చెప్పాను.

"కంపెనీ పేరు నాకెందుకు? మోడల్ చెప్పు."

"ముందట ఏదో రాసున్నది ఆపా, యాదికి లేదు."

"ముందట రాసేది అమ్మేటందుకు. నాకు మొఖం వద్దు తమ్మీ, వీపు చూపెట్టు. వెనక ప్లేటు మీద నంబరుంటది. దాని తోకకు ఒక అక్షరముంటది. అది సుత రాసుకొని రా."

తోక అక్షరంతో పనేమిటని మనసులో విసుక్కుంటూనే వెళ్ళి రాసుకొచ్చాను. అదే మోడల్‌ను కంపెనీ ఒక్కో దేశానికి ఒక్కో రకంగా చేస్తుందట. అక్షరం మారితే లోపల ట్రాన్స్‌ఫార్మరే మారుతుంది. నేను పెడుతున్న విలువలు వేరే దేశపు మోడల్‌వి. అందుకే కాలుతున్నాయి. ఆమె ఇనుప రాక్‌ల మధ్యకు వెళ్ళి, నాఫ్తలీన్ వాసన కొట్టే ఒక ఫైలు తీసుకొచ్చింది. నేను చెయ్యి చాపగానే వెనక్కి జరిపింది.

"చేతులు?"

మెట్ల మలుపులో నల్లా, సబ్బు, తువ్వాలు ఉన్నాయి. సోల్డరింగ్ మసి పోయేదాకా కడుక్కుని వచ్చాక గానీ కాగితం నా చేతికి రాలేదు. ఆ గదిలోకి చాయ్ కూడా రాదు. ఎంత పెద్దమనిషి వచ్చినా చాయ్ మెట్ల మీదే. ఆమె కూడా అక్కడే తాగేది, గోడకు ఆనుకుని, కింద బజారును చూస్తూ. ఆడియో సెట్ల కాగితాలతో నిండిన ఆ ఇంట్లో ఒక రేడియో అయినా లేదని చాలా రోజులకు గమనించి అడిగాను.

"పాట కావాల్నంటే కిటికీ తెరుస్త. బజారంత పాటలే గదా," అన్నది.

ఆ రోజు ఫైలు ఇస్తూ ఆమె పెట్టిన షరతు ఒకటే. ఒక నక్షా తీసుకుపోయినవాడు ఇంకో నక్షా తెచ్చి ఇవ్వాలి.

"నా దగ్గర ఏమున్నది ఆపా?"

"మీ ఉస్తాద్ ఏం ఇయ్యలేదా?"

నవ్వు వచ్చింది. మా ఉస్తాద్ తరంలో నక్షా ఇవ్వడమా? సెట్టు బాగుచేసి ఇచ్చేముందు లోపలి ఐసీ చిప్ మీది నంబరును బ్లేడుతో గీకేసేవాళ్ళు, ఇంకో మెకానిక్ మూత తీసినా అర్థం కాకూడదని. ఉస్తాద్ నాకు సభల్లో వాడే వాల్వ్ ఆంప్లిఫయర్ ఒకటి నేర్పాడు గానీ, అదంతా నోటి మాటే. ఆ సంగతే చెప్పాను.

"నోటికి ఉన్నదా? అయితే కూసో. గియ్యి," అని తెల్లకాగితం ముందు పెట్టి, ముడిలోంచి పెన్సిల్ తీసి ఇచ్చింది.

గీశాను. చెమటలు పట్టాయి. చేతులతో వందసార్లు చేసిన పని కాగితం మీద పెట్టడం ఇంత కష్టమని అప్పటిదాకా తెలియదు. ఆమె పక్కన నిలబడి చూస్తూ ఒక గీత మీద వేలు పెట్టింది. "ఈ తీగె ఎక్కడికి పోయింది?"

"అది... అట్ల కింది నుంచి పోతది ఆపా. అందాజగా..."

"అందాజతోని చెప్పేటోడు జ్యోతిష్కుడు. నువ్వు మెకానిక్ అయితే సెట్టు విప్పి చూసి రా."

అలాంటి ఆంప్లిఫయర్ అప్పటికే అరుదు. కార్ఖానా ఏరియాలో ఒక టెంట్ హౌస్ అటక మీద దొరికింది. బతిమాలి, మూత తీసి, టార్చ్ పట్టుకుని ఆ తీగ వెంట వెళ్ళాను. నేను అనుకున్న చోటికి అది పోనేలేదు. ఇన్నేళ్ళూ నా చెయ్యి సరిగా చేస్తూ వచ్చిన పని నా బుర్రలో తప్పుగా ఉన్నది. తిరిగి వచ్చి దిద్దాను. ఆమె దాన్ని స్కేలుతో, ఇంకుతో శుభ్రంగా మళ్ళీ గీసి, కింద మూలన నా పేరు రాసింది. నేను మొహమాటపడితే, "ఎవరు విప్పి చూసిన్రో వాళ్ళ పేరుండాలె. తప్పుంటే ఎవర్ని అడగాల్నో తెలవద్దా?" అన్నది. ఆ బొమ్మను నెట్‌లో పెట్టింది. కొన్నాళ్ళకు విజయవాడ నుంచి ఎవరో ఫోన్ చేసి, నా పేరు పెట్టి పిలిచి, సెట్టు పలికిందని చెప్పారు. ఆ రోజు నుంచి నేను ఏ సెట్టు విప్పినా పక్కన కాగితం ఉంటుంది.

షాపుల్లో కొత్తగా పనికి చేరిన కుర్రాళ్ళు సెట్టుతో పాటు వచ్చే చిన్న పుస్తకం పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళేవాళ్ళు, ఇది ఉంది కదా ఆపా, ఇంకేం కావాలని. "ఇది సుట్టాల ముందర చెప్పే ముచ్చట. సర్వీస్ మాన్యువల్‌ల ఇంటి ముచ్చట ఉంటది," అనేది. ఆమెకు కోపం తెప్పించేది మాత్రం ఒకటే. పెద్ద బొమ్మను రెండు ముక్కలుగా స్కాన్ చేసేవాళ్ళు మడత దగ్గర కొంచెం వదిలేస్తారు. రెండు ముక్కలూ కలిపి చూస్తే మధ్యలో వేలెడు సందు ఉంటుంది, గీతలన్నీ ఆ సందులో పడి మాయమవుతాయి. అలాంటి ఫైలు వస్తే ఆమె ఆ రోజంతా మనిషితో మాట్లాడేది కాదు. ఆమె స్కాన్ చేసినవాటిలో గీతకు గీత అతికేది.

ఒకసారి నగరంలో పాత ఆడియో సామాన్ల వ్యాపారం చేసే ఒకాయన వచ్చి, మొత్తం కలెక్షన్ తనకే ఇచ్చేయమని, ఇంకెవరికీ ఇవ్వకూడదని అడిగాడు. ఆమె ఎగాదిగా చూసింది. "పట్టుకపో సాబ్. అన్ని నెట్‌ల పెట్టినవే. ఇంటికి పోయి ఫ్యాన్ కింద కూసోని దించుకో," అన్నది. అతను మెట్లు దిగుతుంటే వెనక నుంచి, "చాయ్ తాగిపో," అని కూడా పిలిచింది.

ఆమె గురించి ఇవన్నీ ఎంతమందికైనా తెలుసు. మా లైన్‌లో నాకు మాత్రమే తెలిసిన సంగతి కార్ఖానాలోని చూపులేని ఆడపిల్లల బడిది.

ఆ బడిలో చదువుకుని అక్కడే పాఠాలు చెబుతున్న ఒక టీచరమ్మ నా షాపుకు వచ్చింది. ఆమెకూ చూపు లేదు. గదినిండా పాఠాల టేపులు ఉన్నాయని, వాటిని వినిపించే స్పూల్ మెషిన్ చచ్చిపోయిందని, వేసవి సెలవుల్లో ఆ గది ఖాళీ చేసి కంప్యూటర్లు పెడతారని చెప్పింది. ఒకప్పుడు ఊళ్ళోని దయగల మనుషులు వచ్చి పాఠ్యపుస్తకాలు పైకి చదివితే రికార్డు చేసిన టేపులవి. ఒక్కో టేపు మీద నాలుగు పాఠాలు పక్కపక్కన, బాగా నెమ్మది వేగంతో ఎక్కించారు. మామూలు మెషిన్‌లో పెడితే నలుగురు ఒకేసారి పిచ్చుకల్లా కిచకిచలాడుతారు.

"ఇప్పుడు ఫోనే పుస్తకం చదివి వినిపిస్తది గదమ్మా," అన్నాను.

"చదువుతదన్నా. బొమ్మ రాంగనే 'ఇమేజ్' అని చెప్పి ముందుకు పోతది. సైన్స్ పుస్తకంల సగం బొమ్మలే. మా పిల్లలు సైన్స్ వద్దని వదిలేస్తున్నరు. ఆ టేపులల్ల చదివిన అమ్మ ఒకామె ఉండె. బొమ్మ వస్తే ఆగి, మొత్తం మాటలతోని చెప్పేది. నేను గట్లనే సైన్స్ చదివిన."

మెషిన్ తెచ్చి మూత తీశాను. మోటారు వేగాన్ని అదుపులో పెట్టే బోర్డు మధ్యలో కాలి నల్లగా ఉంది. అక్కడున్న ఐసీ మీది నంబరును ఎప్పుడో ఎవరో శుభ్రంగా గీకేశారు. చుట్టూ ఉన్న రెసిస్టర్ల మీద విలువ చెప్పే రంగు గీతలు మసైపోయాయి. ముందు పలక మీది కంపెనీ పేరుతో ఎంత వెతికినా ఎక్కడా ఏమీ దొరకలేదు. నా వల్ల కాదనుకుని మెషిన్‌ను ఆటోలో వేసుకుని రెజిమెంటల్ బజార్‌కు తీసుకెళ్ళాను. అప్పటికి ఆపా మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగడం మానేసింది.

భూతద్దంతో బోర్డు అంచులన్నీ చూసింది. కాసేపటికి నవ్వింది. "కంపెనీ పేరు పట్టుకొని దేవులాడినవా? ఈ కంపెనోడు దీన్ని చెయ్యనే లేదు. ఎవని దగ్గర్నో కొని పేరేసుకున్నడు. బోర్డు మీద కన్నోళ్ళ నంబరున్నది, చూడు," అని రాగి గీతల మూలన చీమంత అక్షరాలు చూపింది.

ఆ నంబరుతో వెతికితే అదే మెషిన్ ఇంకో దేశంలో ఇంకో పేరుతో అమ్మారని తేలింది. అక్కడ ఇలాంటి బళ్ళకు మెషిన్లు బాగుచేసి రిటైరైన ఒక పెద్దాయనకు ఆమె ఈమెయిల్ రాసింది. వారం పది రోజులకు స్కాన్ వచ్చింది. ఫోన్ చేసి రమ్మంటే ఎగురుకుంటూ పోయాను. ఆమె స్క్రీన్ నావైపు తిప్పింది. భాగాల పట్టిక పూర్తిగా ఉంది. ఐసీ నంబరు దొరికింది. కానీ బొమ్మ రెండు ముక్కలు. మడత దగ్గర సందు. మాకు కావలసిన భాగం సరిగ్గా ఆ సందులోనే పోయింది. పెద్దాయన దగ్గర ఉన్న కాగితం కూడా అక్కడే చిరిగిపోయిందట.

"ఇగ అయిపాయె ఆపా," అన్నాను.

"ఏం అయిపాయె? కాగితం చినిగింది. బోర్డు చినగలేదు గదా."

బోర్డును రెండు వైపులా ఫోటో తీయించింది. పెద్దగా ప్రింట్ చేయించి, రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి అంటించింది. ఎండ వెలుతురులో ముందు వైపు భాగాలు, వెనక వైపు రాగి గీతలు ఒకేసారి కనిపించాయి. పీట మీద నిలబడి ఒక్కో గీతనూ పెన్సిలుతో పట్టుకుంటూ పోయింది. మోకాళ్ళ సంగతి గుర్తుచేస్తే, "జెర ఆగు," అన్నది నొప్పికో నాకో తెలియకుండా. బొమ్మలో కనిపించే ప్రతి భాగాన్నీ పట్టికలో కొట్టేయమని నాకు చెప్పింది. చివరికి పట్టికలో మిగిలినవి సందులో పోయినవన్నమాట. వాటి విలువలు పట్టికలో ఉన్నాయి, అవి కలిసే దారి అద్దం మీద ఉంది. ఆమె రెండిటినీ కలిపి ఆ వేలెడు సందును నింపింది.

ఆ నక్షా ప్రకారం బోర్డు కట్టాను. కరెంటు ఇచ్చాను. మూలనున్న డయోడ్ ఒకటి ఠప్పున పగిలి పొగ వచ్చింది. ప్లగ్గు పీకి ఆమెకు ఫోన్ చేశాను, నేనే ఎక్కడో తప్పు చేశానని.

"నువ్వు నక్షా చూసే పెట్టినవా?"

"అట్లనే పెట్టిన ఆపా."

"అయితే తప్పు నాది. బోర్డు పట్టుకరా."

మళ్ళీ కిటికీ దగ్గర నిలబడింది. వెనక వైపు ఫోటో అద్దంలో బొమ్మలా కుడి ఎడమలు మారి ఉంటుంది. ప్రింట్ తిప్పి అంటించాలి. ఒక మూల ముక్క విడిగా ప్రింట్ అయింది, దాన్ని తిప్పకుండానే అంటించింది. ఆ మూలలో డయోడ్ తలకిందులైంది. ఆమె నొచ్చుకోలేదు, సాకు వెతకలేదు. రబ్బరుతో చెరిపి, దిద్ది, "ఇప్పుడు పెట్టు," అన్నది. ఆ గొంతులో ఉన్న ధీమా చూసి నాకూ అనుమానం పోయింది.

మెషిన్ తిరిగిన రోజు ఆపా కూడా బడికి వస్తానన్నది. పట్టుకుని మెట్లు దించి ఆటో ఎక్కించాను. టీచరమ్మ తడుముకుంటూ టేపుల మధ్య నుంచి ఒకటి తీసింది. డబ్బా మీద చుక్కల లిపి ఉన్న చీటీని వేలితో చదివి, ఇదే, అన్నది. ఎక్కించి మీట నొక్కాను. ముందు గరగర. తర్వాత ఎక్కడో వెనక బండ్ల చప్పుడు. ఆ తర్వాత ఒక ఆడగొంతు, తీరిగ్గా, పక్కనే కూర్చుని మాట్లాడుతున్నట్టు.

టీచరమ్మ రెండు చేతులూ మెషిన్ మూత మీద పెట్టి అలాగే నిలబడింది. గడప దగ్గర చేరిన పిల్లలు గుసగుసలు మానేశారు. నేను కిటికీ వైపు తిరిగాను. ఆపా మాత్రం బల్ల దగ్గర కూర్చుని, తప్పు దిద్దిన నక్షాను శుభ్రంగా ఇంకోసారి గీస్తున్నది, ఆ పెద్దాయనకు పంపడానికి. ఆ వేసవిలో టేపులన్నీ ఒకటొకటిగా కంప్యూటర్‌లోకి ఎక్కాయి. ఇప్పటికీ పిల్లలు ఫోన్లలో వింటున్నారు. నేను వాటిలో చాలా విన్నాను గానీ, ఆ మొదటి టేపు ముందు మిగతావేవీ గుర్తుండవు.

ఆ రోజు కాసేపటికి టేపులోని గొంతు ఆగింది. "ఇక్కడ పుస్తకంలో ఒక బొమ్మ ఉందమ్మా. ఎలక్ట్రిక్ బెల్లు. నిదానంగా చెప్తాను, వినండి," అన్నది.

ఆపా పెన్సిల్ ఆగింది. తల ఎత్తింది.

"ఎడమ పక్క గుర్రపు నాడా లాంటి ఇనుప కడ్డీ. దాని రెండు కాళ్ళకూ తీగ చుట్టి ఉంది. కాళ్ళ ఎదురుగా ఒక ఇనుప రేకు, కొసకు చిన్న సుత్తి..."

ఆమె గీస్తున్న కాగితాన్ని తిరగేసింది. ఖాళీ వైపు ఎడమన ఒక నాడా గీసింది. గొంతు చెబుతుంటే గీత, గొంతు ఆగితే గీత ఆగింది. రేకు వచ్చింది, సుత్తి వచ్చింది, గంట గిన్నె వచ్చింది. చుట్టిన తీగ ఒక కొస రేకుకు, రేకును ఆనుకున్న మరమేకు, దాని నుంచి బ్యాటరీకి తీగ. చుట్టిన తీగ రెండో కొస దగ్గరికి వచ్చాక పెన్సిల్ గాలిలో నిలబడిపోయింది.

"ఒక తీగె చెప్పలే," అన్నది ఆపా మెల్లగా.

టేపులో కాగితం తిప్పిన చప్పుడు. "ఉండండమ్మా, ఒకటి మరిచాను. ఆ రెండో కొస నుంచి స్విచ్చుకు, స్విచ్చు నుంచి బ్యాటరీకి ఇంకో తీగ ఉంది."

ఆపా పకపకా నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను చూడలేదు. ఆ తీగ గీసింది.

టీచరమ్మ శబ్దం వచ్చిన వైపు తిరిగి అడిగింది. "ఆపా, మీరు బొమ్మ గీసిన్రా? ఆమె చెప్పింది సరిగ్గున్నదా? మా క్లాసంత గా మాటలే నమ్ముకొని పరీక్షలు రాసినం."

ఆపా కాగితాన్ని దగ్గరికి లాక్కున్నది. పెన్సిల్ మొనను బ్యాటరీ దగ్గర పెట్టింది. స్విచ్చు మీదుగా, చుట్ల మీదుగా, రేకు దాటి, మరమేకు దాటి, తిరిగి బ్యాటరీకి వచ్చేదాకా ఎక్కడా ఎత్తకుండా నడిపించింది.

"మోగుతది బేటీ," అన్నది.